కాటా గది కంప్యూటర్

వెంకట్రామయ్యను చంపడానికి నాలుగు సెకన్లు పట్టింది. మెడ వెనక చిన్న సూదిపోటు. ఆయన అరవనైనా లేదు. పిడుగురాళ్ల హైవే పక్కన లారీలు తూచే కాటా గదిలో, ఇరవై రెండేళ్లుగా కూర్చున్న కుర్చీలోనే తల వాల్చేశాడు.

ఆ తర్వాత అదే చెయ్యి ఆయన కంప్యూటర్‌కు ఒక పెన్ డ్రైవ్ గుచ్చింది. చూడటానికే అది పెన్ డ్రైవ్. లోపల ఉన్నది మాత్రం హై వోల్టేజి కరెంటును ఒక్కసారిగా మదర్‌బోర్డులోకి వదిలే సాధనం. చిటపటమని శబ్దం వచ్చింది, కాలిన కంపు కొట్టింది, స్క్రీన్ నల్లబడింది. కంప్యూటర్ డబ్బా విప్పేలోపే బయట తూకానికొచ్చిన లారీ హారన్ మోగించింది, వెనక తలుపు తెరుచుకుని మళ్లీ మూసుకుంది.

అప్పుడు బుధవారం ఉదయం తొమ్మిదిన్నర.

పన్నెండున్నరకు సున్నం బ్రోకర్ వేషంలో త్రికోటేశ్వరరావు కాటా దగ్గర దిగాడు. తెల్ల చొక్కా, చంకలో తోలు సంచి, వేలికి గిల్టు ఉంగరం. గూఢచారి ఏజెన్సీలో అతన్ని త్రికోటి అంటారు. పదిహేడేళ్ల సర్వీసులో పదకొండు వేషాలు వేశాడు. వాటిలో ఇదే అధ్వానమని కారు దిగకముందే తీర్మానించుకున్నాడు. ఈ వేషం ఎంపిక చేసిన ఆఫీసరు ఏసీ గది దాటి బయటికొచ్చి ఉండడు. పిడుగురాళ్లలో ఏ సున్నం బ్రోకరూ ఇంత తెల్లటి చొక్కా వేసుకోడు. సున్నం బట్టీల బొగ్గు మసికి సాయంత్రం దాకా తెల్లగా ఉండే బట్ట ఆ ఊళ్లో మనిషి ఒంటి మీద ఉండదు.

లోపల శవాన్నీ కంప్యూటర్‌నూ చూసి లేచేసరికి ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి చీఫ్ రాజీవ్.

"సున్నం ఘాటు ఎలా ఉంది?"

అది కోడ్ మాట. దాన్ని తేల్చడానికి ముగ్గురు సభ్యుల కమిటీ రెండు రోజులు కూర్చుంది.

"ఆకు వాడిపోయింది సార్," అన్నాడు త్రికోటి విసుగ్గా. మన మనిషి చనిపోయాడని దానికి అర్థం.

"కంప్యూటర్?"

"మదర్‌బోర్డు మాడిపోయింది. డిస్క్ బాగానే ఉంది. ప్రాసెసర్ కూడా. మదర్‌బోర్డు కాలిస్తే మొత్తం చచ్చిందనుకున్నట్టున్నారు వెధవలు."

చీఫ్ గొంతు తగ్గించాడు. "విను. 'కోరల్' ముఠా మెసేజ్ మనవాళ్లు పట్టుకున్నారు. ఇవాళ ఐదూ పదికి వినుకొండ మీదుగా రక్షణ శాఖ గూడ్స్ వెళ్తుంది. సున్నం బస్తాల కింద పేలుడు పదార్థం పెట్టిన లారీ ఒకటి ఏదో ఒక గేటు దగ్గర పట్టాల మీదికి ఎక్కుతుంది. ఏ లారీ, ఏ గేటు, తెలియదు."

"రైలు ఆపండి."

"ఢిల్లీలో మూడు సంతకాలు కావాలి. ఆధారం లేకుండా పెట్టరు. అయినా రైలు ఆపితే లారీ మాయమవుతుంది, రేపు ఇంకెక్కడో తేలుతుంది. లారీ నంబరే కావాలి త్రికోటీ. నీ వెంకట్రామయ్య రాసి పెట్టాడేమో."

రాసి పెట్టాడు. ఆ సంగతి త్రికోటికి తెలుసు. సోమవారం సాయంత్రమే మెసేజ్ వచ్చింది: "సార్ గారికి నమస్కారం. ఒక లారీ తేడాగా కనపడుతున్నది. ఫోటోలు కంప్యూటర్‌లో పెట్టితిని. తమరు వచ్చి చూడగలరు." రెండేళ్లుగా ఆయన వారానికి నాలుగు ఇలాంటివి పంపేవాడు. ప్రతి లారీ తేడాగానే కనపడేది. కాటా గుమస్తాకు దేశభక్తి ముదిరిందని ఆఫీసులో నవ్వుకునేవాళ్లు. అందరికంటే గట్టిగా నవ్వింది త్రికోటే. మెసేజ్ చూసి ఫోన్ జేబులో పడేసుకున్నాడు. రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు.

గుడ్డ కప్పిన శవం వంక అతను రెండోసారి చూడలేదు.

డిస్క్ తీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించి చదువుకోవచ్చు కదా అంటే, అందుకు ఏజెన్సీ మేధావులే అడ్డుపుల్ల వేసి పెట్టారు. తమ గూఢచారుల డిస్క్‌లకు వాళ్లు ఒక తాళం తయారు చేశారు. దాని సొంత ప్రాసెసర్‌తో బూట్ అయితేనే ఆ డిస్క్ తెరుచుకుంటుంది. వేరే మెషిన్‌కు తగిలిస్తే మొత్తం తుడుచుకుపోతుంది. శత్రువు చదవకుండా చేసిన ఏర్పాటు. శత్రువుకు చదవాల్సిన అవసరమే లేదనీ, మనమే చదవాల్సి వస్తుందనీ ఆ మేధావుల్లో ఒక్కడికీ తట్టలేదు.

దగ్గర్లోనే వేరే పని మీద ఉన్నానంటూ ఒంటి గంటకు కొత్త మదర్‌బోర్డు తీసుకుని భార్గవి దిగింది. హెడ్‌క్వార్టర్స్‌లో సైబర్ ఎక్స్‌పర్ట్. నల్ల కళ్లద్దాలు, బూడిద రంగు సిల్కు చీర, సున్నం దుమ్ములోనూ నలగని నడక. ఆమె గదిలోకి వస్తే మీటింగుల్లో పెద్ద ఆఫీసర్లు లేచి కుర్చీ జరుపుతారు. త్రికోటి ఎప్పుడూ జరపలేదు. అందం మీద అతనికి కోపం లేదు, ఆ ఆఫీసర్ల ముఖాల మీదే అసహ్యం.

ఆమె చేతులకు గ్లవ్స్ తొడుక్కుని గంటన్నరలో మాడిన బోర్డు తీసి, పాత ప్రాసెసర్‌తోనే కొత్తది బిగించింది. డిస్క్‌ను మాత్రం చివరిదాకా త్రికోటి తన సంచిలోనే ఉంచుకున్నాడు. అది నమ్మకం లేక కాదు, అలవాటు. ఆఖర్న తనే తగిలించాడు.

భార్గవి బటన్ నొక్కింది. ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే.

"బోర్డే డెడ్," అంది ఆమె చేతి గడియారం చూసుకుంటూ. "హైదరాబాద్ నుంచి ఇంకోటి రావాలి. నాలుగు గంటలు."

"మన దగ్గర రెండున్నర గంటలే ఉన్నాయి."

"ఫిజిక్స్ మీ ఆర్డర్లు వినదు త్రికోటీ."

"ఈ ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసేవాళ్లు లేరా?"

భార్గవి నవ్వింది. "సీక్రెట్ మెషిన్‌ను రోడ్డు పక్క షాపుకి ఇస్తారా? మీ ఇష్టం. రిపోర్టులో మీ పేరే రాస్తాను."

ఆ నవ్వు చూశాకే అతను డబ్బా చంకన పెట్టుకున్నాడు.

నజీమా షాపు బస్టాండు వెనక సందులో ఉంది. యాభై దాటిన మనిషి, తలమీద దుపట్టా, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. భర్త రేడియోలు బాగుచేసేవాడట. ఆయన పోయాక అదే బల్ల మీద ఆమె కంప్యూటర్లు బాగుచేస్తోంది. త్రికోటి లోపలికి వచ్చి, కాటాలో కంప్యూటర్ చెడిందనీ లారీలు ఆగిపోయాయనీ చెప్పాడు. ఆమె డబ్బా వైపు చూడకుండా అతని చొక్కా చూసింది.

"సున్నం యాపారమా మీది?"

"అవునమ్మా."

"అట్టాగా," అంది. నమ్మలేదని ఆ ఒక్క మాటలోనే తెలిసిపోయింది. "ఇంతకుముందు ఎవరు తెరిచారు దీన్ని?"

"నేను," అంది భార్గవి కళ్లద్దాలు తీయకుండా. "బోర్డు చెడిపోయింది. చూసేదేమీ లేదు."

"చూసేదేం లేకపోతే నా కాడికెందుకు తెచ్చారమ్మా?" అంటూ నజీమా బటన్ నొక్కింది. ఫ్యాన్ క్షణం తిరిగి ఆగింది. ఆమె ఇంకోసారి నొక్కలేదు. "షార్ట్ అవతా ఉంది. ఎక్కడో ఇనుముకి తగులుతా ఉంది."

మరలు విప్పి బోర్డు పైకి లేపింది. దాని కింద, డబ్బా రేకుకు బిగించిన ఇత్తడి స్టాండాఫ్‌లు వరుసగా ఉన్నాయి. వాటిమీదే బోర్డు కూర్చోవాలి. నజీమా ఒకదాని మీద స్క్రూడ్రైవర్ ఆనించింది.

"ఈ బోర్డుకి ఈ చోట బెజ్జమే లేదు. మరి ఇది ఇక్కడెందుకు? పైకి పొడుచుకొచ్చి బోర్డు అడుగున సీసంతో అతికిన టాంకా చుక్కలకు తగులుతా ఉంది. కరెంటు రాంగానే పాపం అదే ఆపుకుంటంది."

"డబ్బా పెద్ద బోర్డుకి చేసింది," అంది భార్గవి తేలిగ్గా. "చూసుకోలేదు."

హెడ్‌క్వార్టర్స్ ఎక్స్‌పర్ట్, చూసుకోలేదు. త్రికోటికి లోపల్లోపల సంతోషం కలిగింది. ఇన్నాళ్లూ ఆమెను గొప్ప తెలివిగల మనిషిగా లెక్కవేసిన ఆఫీసర్లకు ఈ మాట ఎలా చెప్పాలా అని ఆలోచించుకున్నాడు. సమయం మూడూ పది.

నజీమా ఆ స్టాండాఫ్ ఊడదీసి బోర్డు బిగించింది. ఈసారి ఫ్యాన్ ఆగకుండా తిరిగింది. స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. సొరుగులోంచి చిటికెన వేలంత స్పీకర్ తీసి బోర్డుకు తగిలించి చెవి దగ్గర పెట్టుకుంది. చప్పుడు లేదు.

"నోరే లేవట్లేదు. ప్రాసెసర్‌కి కరెంటు అందట్లేదు."

బోర్డు పైమూలన ఉన్న పవర్ ప్లగ్ పట్టుకుంది. చూడటానికి అది గుచ్చినట్టే ఉంది. బొటనవేలితో నొక్కింది. టిక్కుమంది.

"సగమే పెట్టారు. చూస్తే పెట్టినట్టే ఉంది. పెట్టలా."

"దారిలో కుదుపులకు వదులై ఉంటుంది," అంది భార్గవి. ఈసారి గొంతు కాస్త గట్టిపడింది. "టైమ్ వేస్ట్ త్రికోటీ. నేను హైదరాబాద్‌తో మాట్లాడతాను." ఫోన్ తీసుకుని గుమ్మం దాకా వెళ్లి వీధి వైపు తిరిగి నిలబడింది.

స్పీకర్ మూడుసార్లు పొడుగ్గా కూసింది. ర్యామ్ అందట్లేదని దాని భాష. నజీమా పవర్ తీసేసి ర్యామ్ బయటికి లాగింది. దాని అంచున బంగారు రంగు గీతల్లాంటి కాంటాక్టులు ఉంటాయి. వాటిని రబ్బరుతో రుద్దింది. ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూసింది. మళ్లీ రుద్దింది. అప్పుడు వాసన చూసి త్రికోటి వైపు ర్యామ్ చాపింది.

"వాసన చూడండి సార్."

చూశాడు. తీపిగా, ఘాటుగా ఉంది.

"రంగులేని నెయిల్ పాలిష్," అంది నజీమా బాగా గొంతు తగ్గించి. "పూసి ఆరబెట్టారు. కరెంటు ఏడ నుంచి పోయిద్ది? తొందర్లో ఎవరైనా ఒకటి మర్చిపోవచ్చు సార్. ఇట్టా మూడు మర్చిపోరు. ఇది తెలివిగల మనిషి చేసిన పని. చానా తెలివిగల మనిషి."

గుమ్మంలో భార్గవి ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. గ్లవ్స్ తీసేసిన వేళ్ల గోళ్లు ఎండలో గాజుముక్కల్లా మెరుస్తున్నాయి.

త్రికోటి ముఖంలో ఏ మార్పూ కనపడనివ్వలేదు. పదిహేడేళ్లు నేర్చుకున్న విద్య అదొక్కటే అనిపించింది ఆ క్షణాన. పొద్దున్నుంచీ తను ఆమెను చేతకానిదని హేళన చేస్తున్నాడు. ఆమె హాయిగా చేయనిచ్చింది. ఎదుటివాణ్ని చులకన చేయడమే అతని జబ్బని ఆమెకు తెలుసు. డిస్క్ చేతికి చిక్కదు కాబట్టి దాన్ని ధ్వంసం చేసే ఆలోచనే పెట్టుకోలేదు. ఐదూ పది దాకా ఆలస్యం చేస్తే చాలు.

ఇప్పుడే పట్టుకుంటే? ఆ ఫోన్‌లోంచి ఒక్క మెసేజ్ వెళ్తే లారీ దారి మారుతుంది. ఆమె దగ్గర పిస్తోలు ఉన్నా, దానికంటే ముందు లాక్కోవాల్సింది ఫోన్.

అతను లేచి వెళ్లాడు. "చీఫ్‌తో మాట్లాడాలి. నా ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. ఒకసారి ఇవ్వండి మేడమ్."

భార్గవి అర క్షణం తటపటాయించింది. ఇవ్వనంటే ఎందుకని అడుగుతాడు. ఇచ్చింది. త్రికోటి సందులోకి నాలుగడుగులు వేసి, చెవి దగ్గర పెట్టుకుని, తల అడ్డంగా ఊపుతూ తిరిగొచ్చాడు.

"సిగ్నల్ లేదు. మళ్లీ చేద్దాం," అంటూ ఆ ఫోన్‌ను తన తోలు సంచిలో పడేశాడు. ఆమె ఆ సంచి వంక చూసింది.

నజీమా థిన్నర్‌తో ర్యామ్ తుడిచి పెట్టింది. స్పీకర్ ఒక్కసారి పొట్టిగా కూసింది. స్క్రీన్ వెలిగింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు: బూట్ చేయడానికి ఏ డిస్కూ దొరకలేదు.

"డిస్క్ పోయినట్టుంది," అంది భార్గవి వెంటనే.

"పోలా," అంది నజీమా సెట్టింగ్స్ తెరుస్తూ. "ఇదిగో పేరు కనపడతా ఉంది. ఇది పాతకాలం పద్ధతిలో ఎక్కించిన డిస్క్. కొత్త బోర్డు కొత్త పద్ధతిలోనే వెతుకుద్ది. ఎదురుగా ఉన్నా గుర్తుపట్టదు." లెగసీ అన్న చోట ఆన్ చేసి, వరుసలో ఈ డిస్క్‌ను మొదటికి తెచ్చింది. మెషిన్ మళ్లీ మొదలైంది. ఏజెన్సీ తాళం తెర వచ్చింది. ఎర్రటి అక్షరాలతో తేదీ చెల్లదంది.

నాలుగూ ముప్పై ఐదు.

"కొత్త బోర్డుకి ఇయ్యాళ ఏ రోజో తెలవదు సార్. ఆరేళ్ల కిందటి తేదీ చూపెడతా ఉంది. మీ తాళానికి అనుమానం వచ్చింది." ఆమె మళ్లీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి తేదీ సరిచేసింది, గోడ గడియారం చూసి టైమ్ పెట్టింది. యంత్రం తాపీగా మొదటి నుంచీ లేచింది. లోపలి డిస్క్ కరకరమంటూ తిరిగింది. ఏజెన్సీ తాళం తెర రావడానికి ఏడు నిమిషాలు పట్టింది.

పాస్‌వర్డ్ అడిగింది. త్రికోటి కీబోర్డు మీదికి వంగాడు.

"ఆగండి," అంది భార్గవి పక్కకు వస్తూ. "కొత్త బోర్డు మీద పాస్‌వర్డ్ ఒక్కటే సరిపోదు. హెడ్‌క్వార్టర్స్ కీ కూడా ఉండాలి. నా దగ్గర ఉంది." ఆమె వేళ్ల మధ్య చిన్న నల్ల పెన్ డ్రైవ్. డబ్బా ముందున్న పోర్టుకు అంగుళం దూరంలో ఉంది.

స్క్రూడ్రైవర్ పిడి ఆమె మణికట్టు మీద ఠపీమని పడింది.

"ఏమే! అడక్కుండా నా బల్ల మీద మెషిన్‌కి పెన్ డ్రైవ్ పెడతావా?" నజీమా లేచి నిలబడింది. "ఎన్ని వైరస్‌లు ఉంటయ్యో దాన్లో!"

పెన్ డ్రైవ్ బల్ల కిందికి దొర్లింది. భార్గవి రెండో చెయ్యి జడలోకి వెళ్లింది. హెయిర్‌పిన్‌లోంచి సూది బయటికొచ్చేలోపే త్రికోటి ఆ చేతిని మెలితిప్పి బల్లకేసి కొట్టాడు. సూది మరలు వేసుకునే టిన్ డబ్బాలో పడింది. ఆమె మోకాలితో అతని కడుపులో పొడిచింది. సిల్కు చీర కట్టుకున్న మనిషి అంత బలంగా కొడుతుందని అతను అనుకోలేదు. ఆ రోజు అతను తప్పు లెక్కవేసిన వాటిలో అదొకటి. చివరికి నజీమా అందించిన నెట్‌వర్క్ కేబుల్‌తో కిటికీ ఊచలకు ఆమె చేతులు కట్టేశాడు.

"వెంకట్రామయ్యను నువ్వే చంపావు."

భార్గవి ఆయాసపడుతూనే నవ్వింది. "ఆయన నాకు టీ తెప్పిస్తానన్నాడు. హెడ్‌క్వార్టర్స్ నుంచి ఒకళ్లయినా వచ్చారని ఎంత మురిసిపోయాడనుకున్నావు? సోమవారం నువ్వొచ్చి ఉంటే నాకు పనే ఉండేది కాదు త్రికోటీ."

అతను కీబోర్డు వైపు తిరిగాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. తెరుచుకుంది.

డెస్క్‌టాప్ మీద ఒకటే ఫోల్డర్. పేరు 'సార్ గారికి, ఈసారైనా చూడగలరు.'

అరవై రెండు ఫోటోలు. అన్నింట్లోనూ ఒకే లారీ, వెనక డాలా తలుపు మీద ఎర్ర నెమలి బొమ్మ. నంబరు స్పష్టంగా ఉంది. పక్కన వెంకట్రామయ్య గుండ్రటి తెలుగులో రాసిన కాగితం స్కాన్: "అన్ని లారీలకు ఇన్నే బస్తాలకు ఇరవై ఒక్క టన్నులు వచ్చుచున్నవి. దీనికి పంతొమ్మిదిన్నర మాత్రమే. బస్తాల మధ్య వేరే సరుకు ఉండవలెను. మూడుసార్లు వినుకొండ అవతలి గేటు వద్ద ఊరకే ఆగి వచ్చినట్లు క్లీనర్ మాటల్లో తెలిసినది. గేటు పేరు కింద వ్రాసితిని."

త్రికోటి ఫోన్ తీశాడు. అది ఛార్జింగ్‌తో నిక్షేపంగా ఉంది. వినుకొండ వైపు కాచుకుని ఉన్న ఎస్సై వీరాంజనేయులుకు గేటు పేరు, నంబరు, నెమలి బొమ్మ చెప్పాడు. నాలుగూ యాభై మూడు.

"పది కిలోమీటర్లు సార్! రోడ్డు నిండా మిర్చి ట్రాక్టర్లు!"

"తొక్కుకుంటూ పో. ఫోన్ కట్ చేయొద్దు."

ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాడు. తర్వాత అంతా వినడమే. జీపు ఇంజను, హారన్లు, ఎస్సై బూతులు. ఐదూ ఆరు. "కనపడింది సార్, నెమలి! గేటుకి రెండో బండి!" ఐదూ ఎనిమిది. గేటు పడుతున్న గంట. లారీ ఇంజను ఒక్కసారిగా అరిచింది. "ముందుకు దూకుతున్నాడు సార్, పట్టాల మీదికి..." ఆపైన ఏదో పగిలిన పెద్ద చప్పుడు.

నజీమా రెండు చేతులతో దుపట్టా కొంగు పట్టుకుని నిలబడిపోయింది. కిటికీ దగ్గర భార్గవి కూడా ఫోన్ వైపు మెడ చాచింది.

ఫోన్‌లో రైలు కూత. బోగీలు ఒకదాని వెనక ఒకటి దడదడలాడుతూ పోతున్నాయి. ఎన్ని బోగీలో త్రికోటి లెక్కపెట్టలేకపోయాడు. చప్పుడు సన్నబడింది.

"సార్," అన్నాడు వీరాంజనేయులు చాలాసేపటికి. "లారీ ఆగింది. డ్రైవర్ని పట్టుకున్నాం. జీపు అడ్డం పెట్టా. జీపు అప్పడమైపోయింది సార్. మా డీఎస్పీ గారికి ఏం చెప్పమంటారు?"

"నీకు దెబ్బలు తగిలాయా?"

"మోకాలు. అదేం లేదు సార్. జీపు సంగతి చెప్పండి."

చీఫ్ ఫోన్ చేసి శభాష్ అన్నాడు. భార్గవి పేరు వినగానే మాట మార్చాడు. ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్న సెలక్షన్ కమిటీలో మొదటి సంతకం ఆయనదే. ఈ ఆపరేషన్ ఘనత ఎవరి ఖాతాలో రాయాలని అడిగాడు.

"వెంకట్రామయ్య పేరు రాయండి," అన్నాడు త్రికోటి. "గుమస్తా అని కాదు. ఏజెంట్ అని రాయండి. నేను రెండు రోజులు ఆలస్యంగా వచ్చానని కూడా రాయండి."

అలాంటివి ఫైల్లో రాసే ఆచారం ఏజెన్సీలో లేదు.

ఆరు గంటలకు పోలీసులు వచ్చి భార్గవిని తీసుకెళ్లారు. హైదరాబాద్ తీసుకుపోవడానికి ప్రత్యేక కారు సందు మొగలో సిద్ధంగా ఉంది. త్రికోటి కంప్యూటర్ ప్లగ్ మీద చెయ్యి వేశాడు.

"అట్టా పీకమాకండి!" నజీమా అరిచింది. "ఇంతసేపు కష్టపడి బతికించుకున్నది అందుకా? పద్ధతిగా షట్ డౌన్ చేయండి."

అతను బుద్ధిగా మౌస్ పట్టుకుని షట్ డౌన్ నొక్కాడు. స్క్రీన్ నీలంగా మారింది. ముప్పై ఏడు అప్‌డేట్లలో మొదటిది ఎక్కుతోందనీ, దయచేసి మెషిన్ ఆపవద్దనీ అక్షరాలు వచ్చాయి.

"ఎంతసేపు పడుతుందమ్మా?"

"గంట. పాత డిస్క్ కదా, గంటన్నర," అంది నజీమా, స్టూల్ అతని వైపు జరుపుతూ.

బయట కారు హారన్ కొట్టింది. హైదరాబాద్‌లో చీఫ్, ఢిల్లీలో మంత్రిగారు ఆ డబ్బా కోసం ఎదురుచూస్తున్నారు. పదిహేడేళ్లలో ఏ శత్రుదేశమూ కదలకుండా కూర్చోబెట్టలేకపోయిన ఏజెంట్ త్రికోటి ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని, రెండో అప్‌డేట్ కోసం కాచుకున్నాడు.